తరువాయి అయిదో పేజీలో

ఈ ఉదయం లేచి ఫోను చూసుకుంటే ఒకే వార్త ముగ్గురు పంపించి ఉన్నారు. ఒంటరితనం సిగరెట్టు తాగడమంత చేటని పరిశోధనలో తేలిందట. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలతో ‘తస్మాత్ జాగ్రత్త’ అని హెచ్చరిక, దాని కింద సగంలో తెగిపోయిన వాక్యం ఒకటి. తమ్ముడి కూతురు హిందీలో పంపింది, మరదలు తెలుగులో పంపింది, విశాఖపట్నంలో ఉండే పెద్దమ్మ కొడుకు వీడియోగా పంపి దాని కింద దణ్ణం పెడుతున్న చేతులు రెండు అతికించాడు. ముగ్గురికీ నేనంటే అభిమానమే, కాదనను. మావారు పోయాక టాటానగర్ భాలుబాసా పేటలో ఈ రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నానని తెలుసు కాబట్టే పంపారు. అయితే ముగ్గురిలో ఒక్కరూ ఫోను చెయ్యలేదు. జన్మలో సిగరెట్టు ముట్టని నాకు ఈ వయసులో ఆ లెక్కన ఎన్ని పెట్టెలు కాల్చిన పాపం అంటుకుందోనని ముందు నవ్వొచ్చింది, తరవాత కళ్ళనీళ్ళొచ్చాయి, ఆ తరవాత లేచి టీ పెట్టుకున్నాను.

ఆ టీ సంగతి మాత్రం తక్కువా! మొన్న ఎవరో పంపిన వార్త ప్రకారం అది గుండెకు మంచిది, అంతకు ముందు వచ్చిన దాని ప్రకారం ఎముకలకు చెడ్డది. నా ఈడు వాళ్ళందరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. కోడిగుడ్డు ఒకప్పుడు బలం, తరవాత విషం, మళ్ళీ బలం. కొబ్బరినూనె, నెయ్యి, చివరికి పొద్దున్నే తాగే మంచినీళ్ళు కూడా ఇలా మంచివాళ్ళ జాబితాలోంచి చెడ్డవాళ్ళ జాబితాలోకి, అక్కణ్ణించి ఇక్కడికి తిరుగుతూనే ఉన్నాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అలాగని ఇదంతా ఫోనులు వచ్చాకే మొదలయిందనుకుంటే పొరపాటు. మా చిన్నతనాన పేపర్లూ ఇలాగే రాసేవి. తేడా ఎక్కడుందో ఈ పొద్దున్న టీ చల్లారిపోయేదాకా కూర్చుని ఆలోచిస్తే మా రైల్వే క్వార్టర్ల నాటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

మా నాన్న టాటానగర్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవారు. మాది శ్రీకాకుళం జిల్లా చివర, ఒరిస్సా గట్టు పక్క ఊరు. అక్కణ్ణించి ఇక్కడికొచ్చి రైల్వేలో చేరిన కుటుంబాలు మా కాలనీలో చాలానే ఉండేవి. తెలుగు పేపరు విశాఖపట్నం వైపు నుంచి రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. నిన్నటి వార్త ఇవాళ చదవడం మాకు చద్దన్నం తిన్నంత అలవాటు. ఆ పేపరు కూడా ఇంటికొకటి కొనే రోజులు కావవి. మేమూ, మా వెనక వరసలో ఉండే గూడ్సు గార్డు మావయ్యా కలిసి ఒకటి తెప్పించుకునేవాళ్ళం. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరి వరసన మావయ్య, మా నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

ఒక పేపరు ఇద్దరికి ఎలా పంచాలన్న దాని మీద మా నాన్న పెట్టిన ఏర్పాటు చూస్తే మీకు నవ్వొస్తుంది. పేపరంటే అప్పట్లో రెండే పెద్ద కాగితాలు, ఒకదాని లోపల ఒకటి మడిచి ఉండేవి. పై కాగితం మాకు, అంటే మొదటి పేజీ, చివరి పేజీ వగైరా. లోపలి కాగితం వాళ్ళకి, అంటే సీరియలూ, ఆటలూ, సినిమాలూ. నాన్న డ్యూటీ దిగి వస్తూ దారిలో లోపలి కాగితాన్ని మావయ్య గుమ్మం కిందనుంచి లోపలికి తోసేసి, పై కాగితంతో ఇంటికొచ్చేవారు. సాయంత్రం మావయ్యా, ఆయన లైను మీదకు వెళ్ళిన రోజున అత్తా, తమ కాగితం పట్టుకుని మా వరండాలోకి వచ్చేవారు, అప్పుడు మార్చుకునేవాళ్ళం. అంతదాకా ఒకరి వాటా ఒకరు తెరవకూడదు. చేతిలో ఉన్న కాగితాన్ని దార్లో విప్పి ఓ కన్నేస్తే ఎవరు చూడొచ్చారండీ, అయినా నాన్న విప్పేవారు కాదు. వాటా అంటే వాటాయే ఆయనకి.

దానివల్ల ఒక తమాషా ఉండేది. మొదటి పేజీ వార్తలు చాలావాటికి ‘తరువాయి అయిదో పేజీలో’ అని ఉండేది కదా, ఆ అయిదో పేజీ మావయ్య ఇంట్లో ఉండేది. అంటే పొద్దుగుంకేదాకా మా దగ్గర అన్నీ తలలే, వాళ్ళ దగ్గర అన్నీ తోకలే. సాయంత్రం మావయ్య తోక చదివితే దాని తల ఏమిటో మేము చెప్పాలి, మేము తల చదివితే తోక ఆయన చెప్పాలి. ‘అని మంత్రిగారు ఖండించారు’ అని ఆయన గంభీరంగా చదివితే, ఏమని ఖండించారో మా అమ్మ వంటింట్లోంచే ఊహించి చెప్పేది, చాలాసార్లు అసలు వార్త కన్నా అమ్మ చెప్పిందే బాగుండేది. నేనప్పటికి గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. రోజంతా హిందీలోనూ ఇంగ్లీషులోనూ నలిగి ఇంటికి చేరేసరికి ఆ వరండాలో వినబడే మా పక్క తెలుగు నాకు చల్లటి మజ్జిగ తాగినట్టుండేది.

నాన్నకి షుగరు. రైల్వే ఆస్పత్రి డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు రెండు పూటలా వేసుకోవాలి, తీపి మానాలి. మానడం సంగతి ఎలా ఉన్నా మాత్రలంటే ఆయనకి మహా చిరాకు. అలాంటి మనిషికి ఒకనాడు మొదటి పేజీ అడుగున, గళ్ళ చట్రంలో కట్టి, ‘మధుమేహానికి మెంతులే మందు!’ అన్న వార్త కనిపించింది. ఎక్కడో ఎవరో శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి తేల్చారనీ, మన పెద్దల వంటింటి వైద్యానికి ఇన్నాళ్ళకి గుర్తింపు దొరికిందనీ నాలుగు వాక్యాలు రాసి, తరువాయి అయిదో పేజీలో అన్నారు. ఆ సమయానికి మావయ్యా అత్తా అత్త పుట్టింట్లో పెళ్ళికని సోంపేట వెళ్ళారు. వాళ్ళిల్లు తాళం. అయినా నాన్న ఏ రోజు కాగితం ఆ రోజు వాళ్ళ తలుపు కిందనుంచి తోసేసే వచ్చారు.

తరువాయి కూడా చూడాలి కదా అని అమ్మ అననే అంది. దానికి నాన్న, “మందే అని అచ్చేసినాక ఇంకా తరువాయేటుంటాదే? ఎంత నానబెట్టాలో ఉంటాది, అంతే” అని కొట్టిపారేశారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆ రాత్రే గిన్నెడు మెంతులు నానాయి. మాత్రల సీసా దేవుడి గూట్లోకి వెళ్ళింది. అమ్మకి ఎంత సంబరమో చెప్పలేను, తన పోపుల డబ్బాలో ఉన్న వస్తువు తన మొగుడికి నయం చేస్తుందంటే ఏ ఇల్లాలికి సంతోషం కాదు! నాకూ సంతోషంగానే ఉంది. పేపర్లో పడిందంటే అప్పట్లో మాకది అబద్ధమయ్యే ప్రసక్తే లేదు.

వారం తిరిగేసరికి నాన్న నీరసపడ్డారు. చెంబుడు నీళ్ళు తాగి, ఇంకో చెంబు అడిగేవారు. ఎండలు కదా అనుకున్నాం. అంతకు ముందే పార్సిల్ ఆఫీసులో తోపుడుబండి చక్రం అంచు కాలి వేలికి గీరుకుని చిన్న దెబ్బ తగిలింది, అది మానకపోగా పాదం వాచింది. దానికి పసుపు రాశాం. మెంతులు ఒంట్లోని చెడునంతా కిందికి లాగుతున్నాయని మా వరసలో ఒకావిడ చెబితే అదీ నమ్మాం. నాన్న మంచం దిగడం మానేశారు. సాయంత్రం వరండాలో ఎవరూ లేరు, తలలు చదవడానికి కూడా ఎవరికీ మనసు లేదు.

సోంపేట నుంచి మావయ్య ఒక మధ్యాహ్నం బండికి దిగారు. తలుపు తీస్తే గుమ్మంలో కాగితాల కుప్ప. ఆయనకి సీరియలు ఒక్క రోజుది పోయినా తోచదు కాబట్టి, అత్త పెట్టె సర్దుకుంటుండగానే వాటిని తారీఖుల వరసన పెట్టుకుని చదవడం మొదలెట్టారట. చదువుతుంటే ఒకనాటి అయిదో పేజీలో ఒక తోక తగిలింది. ఈ పరీక్షలు ఎలుకల మీద చేసినవనీ, మనుషుల్లో ఎలా పనిచేస్తుందో ఇంకా తెలియదనీ, రోగులు డాక్టరుని అడగకుండా మాత్రలు మానరాదనీ. ఎలుకలకి ఏ రోగమో, ఏ మాత్రలో ఆయనకేం తెలుస్తుంది? తలేదో కనుక్కుందామని, బాగా నవ్వొచ్చే తోక దొరికిందన్న హుషారులో, ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. నేనప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గేటు దగ్గర చెప్పులు విప్పుతున్నాను. ఆయన నాతో పాటు నవ్వుతూ లోపలికి వచ్చి, మంచం మీద నాన్నని చూసి, మంచం పక్కన చెంబునీ, కిటికీలో నానుతున్న మెంతుల్నీ చూసి, ఇంక నవ్వలేదు.

“ఏటి బావా, మాత్తర్లు మానేసినావా? సగం కాయితం సదివేసి వైద్దిగం సేసుకుంతావేటి?” అన్నారు. అంటూనే కాళ్ళ మీది దుప్పటి తీసి పాదం చూశారు. వెంటనే రిక్షా పిలిచి, నాన్నని దాదాపు ఎత్తుకున్నట్టే తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే కాలు దక్కేది కాదని డాక్టరుగారు చెప్పారు. కాలు దక్కింది. ఆ కాళ్ళతోనే మా నాన్న ఆ తరవాత చాలా ఏళ్ళు సాక్చి బజారుకి వెళ్ళి, కూరల వాళ్ళతో హిందీలో బేరాలాడి, ఓడిపోయి వచ్చేవారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఏర్పాటు కొంచెం మారింది. వాటా వాటాయే, కానీ ఒంటికి సంబంధించిన వార్త ఏది కనిపించినా తోక వినేదాకా నాన్న దాని గురించి నోరెత్తేవారు కాదు. మావయ్య లైను మీదకు వెళ్ళాల్సి వస్తే తన పెట్టె పట్టుకుని స్టేషనుకి పోతూ పోతూ మా గేటు దగ్గర ఆగి, మాత్రలు పడ్డాయా లేదా అని అమ్మని కేకేసి అడిగి మరీ వెళ్ళేవారు. అమ్మ మాత్రం మెంతులు మానలేదు. డాక్టరుగారు కూరలో వేసుకోవచ్చన్నారని, ఏ కూరలో పడితే ఆ కూరలో వేసి మా అందరి నోళ్ళూ చేదు చేసింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఒకరింటికి ఒకరు రావడం తగ్గిపోయిందంటే, అదంతా ఫోను తెచ్చిపెట్టిందని నేననను. కొన్నాళ్ళకి మావయ్య కొడుక్కి ఉద్యోగం వచ్చింది, నా జీతమూ పెరిగింది, రెండిళ్ళకీ రెండు పేపర్లు రావడం మొదలయింది. ఆ మొదటి రోజున మొత్తం పేపరు, తలా తోకా కలిసి ఉన్నది, మా ఇంట్లో మా చేతిలో ఉంటే ఎంత గొప్పగా ఉందో! ఇక సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. మావయ్య ఆ తరవాత కూడా వచ్చేవారు, రాకపోలేదు, కాకపోతే రోజూ రావడానికి పని లేదు కదా. రెండు రోజులకోసారి, వారానికోసారి అయింది. రిటైరయ్యి వాళ్ళు సోంపేట వెళ్ళిపోయారు. నాన్న ఒక్కరే వరండాలో కూర్చుని పేపరు మొదటినుంచి చివరిదాకా చదివి, మడిచి, కాసేపు గేటు వైపు చూసి లోపలికి వచ్చేవారు. ఆయన ఎందుకు చూసేవారో నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు నాకూ గేటు వైపు చూసే వయసు వచ్చింది.

టీ తాగాక ఏమనిపించిందో, మా వాళ్ళ గ్రూపులో, ఈ వార్తకి తరువాయి ఎవరింట్లో ఉంది అని అడిగాను. ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు. కాసేపటికి తమ్ముడి కూతురు, “బువా, పూరా ఆర్టికల్ చాహియే? లింక్ భేజ్ దూఁ?” అంది. అత్తా, మొత్తం వార్త కావాలా, పంపనా అని. పాపం దాని తప్పేముంది, నేనడిగింది అదే అనుకుంది. పంపింది కూడా. మోకాళ్ళ నూనె ప్రకటనలు రెండూ, ఇంకేవో మూడూ దాటుకుని కిందికి వెళితే, చివర్న ఇంకా లోతుగా పరిశోధించాల్సి ఉందనీ, అయినా పెద్దవాళ్ళు ఇరుగుపొరుగుతో కలుస్తూ ఉంటే మంచిదనీ రాశారు.

బుద్ధిగా రాశారు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా రెండిళ్ళ పేపరులో ఎలుకల సంగతి అయిదో పేజీలో దాచినవాళ్ళ కన్నా వీళ్ళే నయమేమో కూడా. కానీ ఆ పేపరు చేసిన తప్పుని దిద్దడానికి సాయంత్రం అయ్యేసరికి ఒక మనిషి గేటు తీసుకుని వచ్చేవాడు, వచ్చి మా మొహాలు చూసేవాడు, దుప్పటి ఎత్తి కాలు చూసేవాడు. అప్పుడు మా ఇంట్లో ఉన్నది సగం వార్తే కాబట్టి, మిగతా సగం కోసమైనా ఎవరో ఒకరు రాక తప్పేది కాదు. ఇప్పుడు వార్త మొత్తం నా చేతిలోనే ఉంది.