రాష్ట్రపతి మామ, మేకల తీర్మానం

మా ప్రభుదాస్ మామకు ఒకటే జబ్బు. ఏ పని చెప్పినా ముందు భారత రాష్ట్రపతి అయిపోతాడు. పెద్దారవీడులోని రెండు గదుల ఇల్లు ఆయన లెక్కలో రాష్ట్రపతి భవన్. ఎలీషబా అత్త ప్రధానమంత్రి.

"కోళ్ల గూడు బాగు చెయ్యి," అంటుంది అత్త.

"పునఃపరిశీలనకు తిప్పి పంపుతుండా," అని మామ మంచమెక్కుతాడు. రెండోసారి చెబితే మాత్రం గమ్మున లేస్తాడు.

"ఏంది మామా, అట్ల లొంగిపోయినావు?"

"రెండోసారి పంపితే రాష్ట్రపతైనా ఒప్పుకోవాల్సిందే రా. రాజ్యాంగం!"

అత్తేమీ తక్కువ తినలేదు. మార్కాపురం పోయేటప్పుడు డబ్బులడిగి, మామ నోరు తెరిచేలోపే, "ఇది మనీ బిల్లు. తిప్పి పంపేదానికి లేదని నువ్వే చెప్పినావు," అని జేబులో చెయ్యి పెట్టేస్తుంది.

ఇలాంటి మనిషిని, కాస్త నవ్వుకోవచ్చని, చర్చి సంఘానికి ప్రెసిడెంటును చేశాం. అంతలోనే మేకల గొడవ వచ్చిపడింది. వాగు పక్క చర్చి స్థలంలో నాటిన మునగ మొక్కల్ని యేసుమణి మేకలు కొరికేశాయి. మొగుడు పోయాక ఆమెకు కూడు పెట్టేవి ఆ మేకలే. ఆ మొక్కలు నాటించిన శ్యాంసన్ మండిపడి, మేకల్ని అమ్మాలి, లేకుంటే ఆమె సంఘంలో ఉండకూడదు అని తీర్మానం చేయించాడు. మామ తిప్పి పంపాడు. అదే తీర్మానం మళ్లీ వచ్చింది. ఇక సంతకం తప్పదనుకున్నాం. మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం ఎప్పుడు చిన్నాయనా?" అన్నాడు శ్యాంసన్.

"రాష్ట్రపతికి గడువు లేదు నాయనా."

ఆదివారాలు గడిచిపోతున్నాయి. యేసుమణి పాటలు మానేసి మామ జేబు వైపే చూస్తోంది. పాపం అనిపించేది. చివరికి శ్యాంసన్ ఓపిక నశించి, నష్టం చూపిస్తానని అందర్నీ వాగు దగ్గరికి లాక్కుపోయాడు.

అక్కడ ప్రతి మొక్క చుట్టూ నడుమెత్తు ముళ్లకంప. లోపల కొత్త చిగుర్లు. బయట మేకలు మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్నాయి.

"ఎవరు కట్టినారు ఇదంతా?"

మామ ఆకాశంలోకి చూశాడు. అత్త ఆయన అరచెయ్యి పట్టి మాకు చూపించింది. "రోజూ తెల్లారకముందే పోతా ఉండాడు. సంతకం సంతకం అంటుండారే, ఈ వేళ్లతో పెన్ను పట్టేదెట్ల? ముళ్లు ఇంకా లోపలే ఉండాయి."

శ్యాంసన్ మామ జేబులోని కాగితం తీసి చింపేశాడు. యేసుమణి పిన్నీసు తీసుకుని మామ ముందు కూర్చుంది.

అంతటి మామ కూడా కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "మెల్లగ తల్లీ, నాకు నొప్పంటే శానా భయం!"