పక్క వీధిలో మా ఇల్లు

హిందూపురం చివర మా కాలనీని ముందు కాగితం మీద గీసి, ఆ తర్వాత నేల మీద కట్టారు. అందుకే దానికి వంకర అంటే తెలీదు. వీధులన్నీ తిన్నగా ఉంటాయి. ఇళ్లన్నీ ఒకే అచ్చు. అదే గేటు, అదే వరండా, అదే మీగడ రంగు గోడ. పార్సిళ్లు తెచ్చేవాళ్లు ఈనాటికీ మా వీధి మొదట్లో నిలబడి తల గోక్కుంటారు. పార్కు కోసమని వదిలిన జాగాలో చెట్లు రాకముందే వేరుశనక్కాయలు ఆరబోశారు. ప్లాను గీసినాయన చూసుంటే ఏడ్చేవాడేమో గానీ, నాకు మాత్రం ఆ వాసన భలే ఇష్టం.

బజారులో అంగడి నడుపుకుంటూ ఏళ్ల తరబడి అద్దె ఇంట్లో ఉన్న నాయన, చివరికి ఇక్కడ సొంతిల్లు కొన్నాడు. అవ్వకు నచ్చలేదు. పాత వీధిలో అరుగు మీద కూర్చుంటే చాలు, లోకమంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఇక్కడ అరుగుల్లేవు, గేట్లున్నాయి. పని లేకుండా గేటు తీసుకుని పోతే అది పిలవని పేరంటమని ఆమె పట్టుదల.

"ఈడ గోడలుండాయి గానీ మనుషుల్లేరప్పా. ఉగాది దాకా చూస్తా. మనసు నిలవకపోతే ధర్మవరంలో నా కూతురింటికి పోతా" అని నాయనకు తేల్చి చెప్పింది. ఆమె లేకపోతే అది సొంతిల్లు ఎట్లవుతుందని నాయన దిగులు. అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచించేవాడు.

ఒక సాయంత్రం ఆకుకూరలు కొనుక్కుని వస్తూ అవ్వ ఒక వీధి ముందే తిరిగింది. మా ఇల్లే అనుకుని లోపలికి పోయి, కుర్చీలో కూలబడి, "ఏమ్మా, కాఫీ పెట్టినావా?" అని కేకేసింది. ఆ ఇంటామె మడకశిర వైపు మనిషి, అవ్వ ఈడుదే. మారు మాట్లాడకుండా కాఫీ తెచ్చిచ్చింది. అవ్వ ఒక గుక్క తాగి, "ఈ పొద్దు కాఫీ బాగుండాదే!" అంటూ తలెత్తి చూసి, సిగ్గుతో చచ్చిపోయిందట.

"ఇర్లి బిడక్కా, పోనీలే, కూర్చో. ఎవరిల్లయితే ఏమి?" అందట ఆమె, సగం కన్నడంలో.

ఇంటికొచ్చి చెబితే మేం పడీపడీ నవ్వాం. కాఫీ మాట విని అమ్మ మాత్రం ముఖం ముడుచుకుంది.

ఆ వారంలోనే అవ్వ మళ్లీ దారి తప్పింది. తర్వాతి వారమూ అంతే. వయసు మీదపడి మతిమరుపు మొదలైందేమోనని అమ్మకు భయం పట్టుకుంది. నాయన పెయింటరును పిలిపించాడు. కాలనీలో ఎవరికీ లేని కనకాంబరం రంగు వేయిద్దామన్నాడు.

"దూరం నుంచే కనపడతాదిమ్మా. ఇంక నువ్వు తప్పిపోవు."

అవ్వ వత్తులు చేసుకుంటూ తలెత్తలేదు.

"వద్దురా. ఇల్లు గుర్తుపట్టేట్లుంటే, యా సాకు చెప్పి పోయేది నేను ఆమె దగ్గరికి?"

ఇల్లు కొన్ననాడు కూడా నాయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.