ఆ ఆరు వరుసలు

నిన్న తార్నాకలో కరెంటు తీగలకు అడ్డమొస్తున్నాయని కొమ్మలు కొట్టేశారు. ఆ పచ్చి ఆకు వాసన ముక్కుకు తగలగానే గ్రేస్ మేడం గుర్తొచ్చారు. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నా అక్కడే నిలబడిపోయాను.

ఆవిడ గుంటూరు వైపు మనిషి, మా యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేవారు. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, ఆవిడ దగ్గర పరిశోధనకు చేరాను. అంతరించిపోతున్న బంగారు వన్నె కొండముచ్చుల్ని చూడడానికి నన్ను అస్సాం అడవికి తీసుకెళ్ళారు. పది నిమిషాలకోసారి ఏది ఏం చేస్తోందో నోట్‌బుక్‌లో ఒక వరుస రాయాలి. సాయంత్రం నోట్‌బుక్ ఆవిడకు అప్పగించాలి, నా దగ్గర నకలు మాత్రమే ఉండేది. అవి పొద్దున లేత ఆకులు తినేవి, మధ్యాహ్నమంతా కొమ్మల మీద కూలబడేవి, సాయంత్రం మళ్ళీ ఆకులే. గుంపులో ఒక తల్లి ఒళ్ళో పసిపిల్ల ఉండేది.

"ఏం చేస్తలేవు మేడం, ఊకెనే కూసున్నయి," అన్నాను మొదటిరోజు.

"ఊరికే ఎక్కడున్నాయమ్మా? అంత ఆకు అరగాలంటే మాటలా? అవి పనిలోనే ఉన్నాయి. నువ్వూ ఉండు."

నేను ఉండలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ గుంపు విడిచి వెళ్ళిన మగదాని వెంట పోయారు. నేను చెట్టుకు ఆనుకుని గంటసేపు నిద్రపోయాను. ఆ వేళప్పుడు అవి ఎలాగూ కదలవు కదా అని, లేచాక ఆరు వరుసల్లోనూ 'విశ్రాంతి, పిల్ల తల్లి దగ్గరే' అని నింపేశాను. తీరా సాయంత్రం చూస్తే తల్లి ఒళ్ళో పిల్ల లేదు.

"మధ్యాహ్నం పిల్ల ఉందా?" అడిగారు మేడం.

"ఉన్నది మేడం."

ఆ తరువాత దొంగకు తేలు కుట్టినట్టే నా బతుకు. పిల్ల కొమ్మ మీంచి పడిందో, ఏ గద్ద ఎత్తుకుపోయిందో ఎవరికీ తెలియలేదు. చూసి ఉండాల్సింది నేనొక్కదాన్నే.

రెండేళ్ళ తరువాత, ఆ అబద్ధంతోనే నా థీసిస్ సమర్పించే ముందురోజు, ఇక ఉండబట్టలేక తార్నాకలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ గోంగూర గిల్లుతున్నారు.

"మేడం, ఆ దినం నేను నిద్రపోయిన. ఆ ఆరు వరుసలు అబద్ధం."

ఆవిడ చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి పాత నోట్‌బుక్ తెచ్చారు. ఆరు వరుసలూ కొట్టేసి ఉన్నాయి. పక్కన ఆవిడ చేతిరాతతో 'చూడలేదు' అని ఉంది. కింద తేదీ ఆ సాయంత్రానిదే.

"మీకు ఎర్కేనా? మరి తిట్టలేదేంది?"

"నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూస్తున్నానమ్మా."

"చెప్పకపోతే?"

"ఆకు గిల్లు," అంటూ పళ్ళెం నా వైపు జరిపారు.

ఆవిడకు ఎలా తెలిసింది? నేను నిద్రపోవడం చూశారా? చూస్తే ఎందుకు లేపలేదు? లేపి ఉంటే ఆ పిల్ల సంగతి తెలిసేది కదా! అది దయో శిక్షో నాకు అంతుపట్టలేదు. ఆరోజే అడగాల్సింది, ఆకు గిల్లుతూ కూర్చున్నాను. ఆ ఆరు వరుసలు తీసేసి థీసిస్ ఇచ్చాను. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేరు.

అదే క్యాంపస్‌లో నేనిప్పుడు పాఠం చెప్తున్నాను. నా విద్యార్థుల నోట్‌బుక్ చేతికి రాగానే 'చూడలేదు' అన్న వరుస కోసం వెతుకుతాను. ఒక్కటి కూడా లేకపోతే నమ్మను. మేడం నన్ను క్షమించారా అని ఎవరైనా అడిగితే మాత్రం, నేనూ 'చూడలేదు' అనే రాయాలి.