నా కుర్చీలో నిద్రపోయిన నూకాలు

ఒక పిల్ల బరువుని ఏళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో విశాఖ వన్‌టౌన్‌లో పిల్లల పళ్ల డాక్టరుగా క్లినిక్ పెట్టాను. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఒకావిడ, పుచ్చుపళ్లకని తన కూతురు నూకాలుని తీసుకొచ్చేది. మిగతా పిల్లలు నా మెషీను చప్పుడు వింటేనే వీధి అదిరేలా ఏడ్చేవారు. నూకాలు మాత్రం నోరు తెరిచి అలాగే నిద్రపోయేది. బయట కూర్చున్న తల్లులు నాది మంచి హస్తవాసి అన్నారు. ఎంత పొంగిపోయానో! కొత్తగా వచ్చినవాళ్లకి ఆ పిల్లని చూపించి మరీ గొప్పలు చెప్పుకునేదాన్ని.

కొన్నాళ్లకి డాక్టర్ల సమావేశంలో ఒకాయన మాట్లాడాడు. కొందరు పిల్లలకి నిద్రలో ఊపిరి అడ్డుపడుతుందట, రాత్రి నిద్ర చాలక పగలంతా తూగుతారట. ఇరుకు దవడ, ఎత్తైన అంగిలి, గొంతుకి అడ్డంగా పెరిగిన టాన్సిల్స్ ముందుగా మన పళ్ల డాక్టర్ల కంట్లోనే పడతాయి, గొంతు డాక్టరు దగ్గరికి పంపాల్సింది మనమే అన్నాడు. ఆయన చెబుతున్నది నూకాలు నోరే.

ఆ తర్వాత నూకాలుని తీసుకుని తల్లి మళ్లీ వచ్చింది.

"ఇంటికాడ ఇలా తొంగోదు డాట్రమ్మా. గుర్రెడతాది. మద్దిలో ఊపిరాగిపోనాదేటో అని నాను తట్టి లేపేత్తన్నాను. బళ్లో కునుకుతాదని మేష్టారు తిడతన్నారు. ఆళ్ల నాన్న సదువు మానిపించేద్దారంటన్నాడు. ఏటైనా జబ్బేటమ్మా?"

"జబ్బేం కాదమ్మా. పెరిగితే అదే పోతుంది," అన్నాను.

తెలిసే అన్నాను. ఎందుకు? గది నిండా తల్లులున్నారు. నిజం చెబితే, పిల్ల అలసి సోలిపోతుంటే అది నా చేతి గొప్పేనని ఇన్నాళ్లూ మురిసిపోయానని అందరికీ తెలిసిపోతుంది. అంతేనా? అంతే. ఇంతకంటే పెద్ద కారణం కోసం చాలా వెతుక్కున్నాను. దొరకలేదు.

వాళ్లు మళ్లీ రాలేదు. చివరికి సిగ్గు చంపుకుని హార్బర్‌కి వెళ్లాను. నూకాలుని బడి మానిపించారని, కుటుంబమంతా పరవాడ వైపు వెళ్లిపోయిందని తోటి చేపలావిడలు చెప్పారు. పరవాడలో ఎక్కడో ఎవరికీ తెలీదు. నేనూ వెళ్లి తిరిగాను, జాడ దొరకలేదు.

నూకాలుని ఒక్కసారి చూడాలని ఉంది. ఎంతగా ఉందో చెప్పలేను. నాకు తెలిసింది దాని నిద్రముఖమే. నవ్వితే ఎలా ఉంటుందో, గలగలా మాట్లాడితే ఆ గొంతెలా ఉంటుందో తెలీదు. సిటీబస్సులో ఏ అమ్మాయి కునికిపాట్లు పడుతున్నా వంగి మొహం చూస్తాను. చదువుకుని ఉంటే ఏమయ్యేది? ఇప్పుడైనా హాయిగా ఊపిరాడుతోందా? అసలు ఉందా? ఆ ప్రశ్న దాటి ముందుకి వెళ్లలేను.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆ తల్లి నన్నొకటి అడిగింది. అవునమ్మా, జబ్బే. ఈ రెండు ముక్కలు పలకడానికి నాకిన్నేళ్లు పట్టింది.