చెప్పకుండా పోయిన దొరసాని

మా దొరసాని మాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి మా అమ్మ చేతి జొన్నరొట్టె తిన్న మనిషి, ఒక్క మాటయినా చెప్పకుండా తెల్లారేసరికి బంగళాకు తాళం పెట్టి పోయింది. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇవాళ మళ్ళీ ఇదంతా ఎందుకంటే, పోతిరెడ్డిపల్లిలో మా పై గదిలో కిరాయికున్న పిల్లవాడు, గడ్డపోతారం మందుల కంపెనీలో పనిచేసేవాడు, పొద్దున తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. "చెప్పి పోతే నీ నోటి ముత్యాలు రాలుతయారా" అని ఖాళీ గదిలో నిలబడి తిట్టాను. తిడుతుంటేనే తెలిసింది, నేను తిడుతున్నది వాణ్ణి కాదని.

దొరసాని అంటే ఏ గడీ దొరసానో అనుకునేరు. సముద్రాలు దాటి సువార్త చెప్పడానికి వచ్చిన తెల్ల నర్సు. అరవైలలో హత్నూర చుట్టుపక్కల పల్లెలకు ఆమెను తిప్పిన ఎడ్లబండి నాది. ఒక పక్క మందుల పెట్టె, ఇంకో పక్క సువార్త పత్రాలు, నడుమ గొడుగు పట్టుకుని ఆమె. బడి గడప తొక్కని నేను ఆ పత్రాలనే కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఇప్పటికీ నా మాటల్లో ప్రసంగం వాసన వస్తుందని మా కోడలు నవ్వుతుంది. దొరసాని తెలుగు నాకంటే ఘోరం, ఓడ ఎక్కకముందే పుస్తకంలో నేర్చినదట. "తల్లీ, నీవు ఎక్కడికి పోవుచున్నావు?" అని ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషినీ ప్రేమగా పలకరించేది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగొచ్చా? నాట్లకు పోయేవాళ్ళు, అంగడికి పోయేవాళ్ళు గొణుక్కుంటూ వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. ఆమె వచ్చిన రోజు మా వాడకట్టులో పనులన్నీ ఆలస్యమే.

చివరికి మా అమ్మే రొట్టె తడుతూ చెప్పింది. "ఎటు పోతున్నవ్ అని అడగొద్దు దొరసానీ. నువ్వు పోయేటప్పుడు గూడ పోతున్న అనొద్దు. పోయొస్త అనాలె."

"రాకపోయిన యెడల?" అంది దొరసాని, భయంగా.

"రాకపోతే గప్పుడు సూస్కుందాం. ముందుగాల రొట్టె తిను."

అమ్మకు అది మామూలు మాట, దొరసానికి ప్రమాణం. ఒకసారి ఒక బాలింత ఇంట్లో పోయొస్త అని చెప్పి వచ్చింది. మర్నాడు ముసురు, వాగు నిండుగా పారుతోంది, పైగా ఆమెకు జ్వరం. "ఎద్దులు నీళ్లల దిగయి, బాలింత మంచిగనే ఉన్నదట, ఇయ్యాల వద్దమ్మా" అన్నాను. "చెప్పితిని గదా" అని గౌను ఎత్తి కట్టి, నా భుజం పట్టుకుని వాగులో దిగింది. అవతలి గట్టున చూసుకుంటే ఒక కాలి బూటు లేదు.

అలాంటి మనిషి చెప్పకుండా పోయింది. వాళ్ళ పెద్దలు స్వదేశానికి పిలిపించుకున్నారని తర్వాత తెలిసింది. ఆ సంగతి తెలియని అమ్మ ఆ రోజూ ఆమె కోసం రొట్టె గుడ్డలో చుట్టి ఉంచింది. సాయంత్రం దాన్ని ఎద్దుకు వేసి, "మనమేం లెక్క" అంది. ఆ తర్వాత దొరసాని పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. నా కోపమంతా దానికే.

డెబ్బైల చివర, పటాన్‌చెరు దిక్కు పొగగొట్టాలు లేచాక, మా చర్చి పండుగకని ఎవరో పిలిస్తే దొరసాని వచ్చింది. తెల్లజుట్టు, చేతికర్ర. నేరుగా మా పొయ్యి దగ్గరికే వచ్చి నేలమీద కూర్చుంది. అమ్మ తల తిప్పలేదు. "సూడు బిడ్డా, చెప్పకుండ పోయేటోళ్లు చెప్పకుండనే వస్తరు" అంది నాతో.

నాకు ఆగలేదు. "ఎందుకమ్మా గట్ల పోయినవ్? ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

ఆమె ఇచ్చిన జవాబు విని అమ్మ పెనం మీది రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ కోపం అక్కడే ఆరిపోయింది. ఇప్పుడు అమ్మా లేదు, దొరసానీ లేదు. ఇన్నేళ్ళు గడిచినా, ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు మాత్రం తెలియడం లేదు. మా అమ్మ దగ్గర నేర్చిన మాటల్లోనే ఆమె అన్నది ఇది:

"అక్కా, మళ్ల రానని నాకు ఎరుకే. పోయొస్త అంటే అబద్ధమైతది. పోతున్న అనొద్దని నువ్వే చెప్పితివి. ఇగ నేను ఏ మాట చెప్పి పోవాలె?"