అబద్ధానికి ఆగిన నాడె

మా ధర్మవరం చీరకు పెద్ద అంచు నేయాలంటే మగ్గం గుంతలో ఇద్దరు కూర్చోవాలి. నేను ఇటు నుంచి పేక నూలు చుట్టిన నాడె తోస్తే, నా భార్య అటు అందుకుని తిరిగి తోసేది. నాడె తిరిగినంతసేపూ నేను కోతలు కోసేవాణ్ణి.

“గుమ్మఘట్ట తావ ఒక మబ్బును తాడేసి కట్టి, ఎద్దులబండి ఎనక ఈడ్చుకొచ్చినా.”

ఆమె నాడె పట్టేసుకునేది. “ఎంత మబ్బు?”

“ఊరంత.”

“తగ్గించయ్యా.”

“సరే, చేనంత.”

“ఇంగా తగ్గించు. లేకుంటే ఈ పొద్దుకు చీర ఈడికే.”

“నా తలగుడ్డంత” అన్నాకే నాడె వదిలేది. నవ్వులతో పని ఆగేది. అయినా పొద్దు వాలేసరికి గుడ్డ మూరలకు మూరలు దిగేది.

పోయిన ఎండాకాలం, చీర సగంలో ఉండగానే, జ్వరం ఆమెను తీసుకుపోయింది.

కర్మలు ముగిశాక, పట్టు ఇచ్చి మాతో చీరలు నేయించే సావుకారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “ఏం చేస్తామప్పా. మనిషి తగ్గితే గంటలు పెంచుకో. ఇద్దరు సగం పూట చేసేది ఒగడు దినమంతా చేస్తే సరిపాయె గదా. పెండ్లోళ్లు తొందరపెడతాండారు. కాదంటే చెప్పు, పడుగు ఇప్పుకోని పోయి ఇంగొకరితో నేయిస్తా.”

ఆమె చెయ్యి పడిన చీర ఇంకో ఇంటికి పోతే నేను ఓర్చుకోలేను. తెల్లవారకముందే గుంతలో దిగేవాణ్ణి. నాడె తోసి, అటు జరిగి నేనే అందుకుని తోసి, మళ్లీ ఇటు జరిగేవాణ్ణి. గంటలు పెరిగాయి, గుడ్డ పెరగలేదు. నడుము పట్టేసి చెయ్యి తడబడితే పోగులు తెగేవి. తెగినవి అతికేసరికి పెంచుకున్న గంటలన్నీ అయిపోయేవి.

చివరికి సోమందేపల్లె నుంచి మా అక్కను పిలుచుకొచ్చాను. ఆమె కూర్చున్న రోజే గుడ్డ కదిలింది. నోరు ఊరుకోక మబ్బు కథ ఎత్తుకున్నాను. ఊరంత మబ్బన్నా అక్క నవ్వి నాడె తోసేసింది. అడ్డుపడే మనిషి లేకపోతే కోతలకు కూడా రుచి ఉండదని అప్పుడు తెలిసింది.

కొంగు మొదలైన రోజు, జరీ తెచ్చే భాయి చాన్నాళ్లకు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. “ఏమన్నా, వదినమ్మ యాడ?”

“పుట్టింటికి పోయిండాది భాయ్. రేపు వస్తాది” అనేసి నాడె తోశాను.

అటు నుంచి నాడె రాలేదు. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని తల వంచుకుంది.

“ఇయ్యక్కా” అన్నాను. ఇవ్వలేదు.

ఈ అబద్ధాన్ని ఎక్కడ తగ్గించాలో నాకు తెలియలేదు.