మూడక్షరాల పేరు

పదకొండేళ్లుగా ఒక పేరు నా గొంతులో ఉంది. మింగలేను, కక్కలేను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు నేను పెద్దమనిషిని.

మాది వనపర్తి. నలభై ఏళ్లుగా భజన గోష్ఠిలో తాళం వేస్తున్నాను, ప్రతి ఏకాదశికీ ప్రవచనం చెబుతాను. అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం మాత్రమే కాదు, ఎవరిది వాళ్లకు దక్కనివ్వడం అని ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాట చెప్పేటప్పుడు ఒక్కసారైనా నోరు తడబడిందా? లేదు. నాకు భయం వేసేది అందుకే.

సెలవు దొరికితే ఊరూరి గ్రంథాలయాలు చూసి రావాలని అప్పట్లో నియమం పెట్టుకున్నాను. గద్వాల, నాగర్‌కర్నూల్, లింగాల, బల్మూర్, ఒక్క బీరువా పుస్తకాలున్నా చాలు, బస్సెక్కేవాణ్ణి. పోటీ పరీక్షలకు చదివే పిల్లల పక్కన కూర్చొని, ఎవరూ ముట్టని భక్తి పుస్తకాలు దుమ్ము దులిపి తిరగేసేవాణ్ణి. పాత పాట కనబడితే నోటుబుక్కులో ఎక్కించుకొని, పక్కన ఆ గ్రంథాలయం స్టాంపు వేయించుకునేవాణ్ణి. ఎవరూ చెప్పిన పని కాదు. నాకది తీర్థయాత్ర. ఆ మొదటి నెలలు పవిత్రంగా గడిచాయి. ఆ మాట అనే హక్కు నాకింకా ఉందా?

శ్రీరంగాపూర్ రంగనాయకుని మీద మా గోష్ఠి గురువుగారి పాట ఒకటుంది. ధ్యానంలో వచ్చిందని ఆయనే చెప్పారు. పాట కట్టినవాళ్ల పేరు చివరి చరణంలో రావడం ఆనవాయితీ. అక్కడ ఆయన పేరే వస్తుంది. నా భార్య చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ పాటే.

అదే పాట మా ఊరి గ్రంథాలయంలో, ఒక పల్చటి పుస్తకంలో దొరికింది. గద్వాలలో మగ్గం నేసే ఇళ్ల ఆడవాళ్ల భజన బృందం అచ్చు వేయించిన పుస్తకం. గురువుగారు పలక పట్టేనాటికే అచ్చయింది. పాటలో అక్షరం తేడా లేదు, చివరి చరణంలో తప్ప. అక్కడ ఈరమ్మ అని ఉంది.

గురువుగారి పాటలన్నీ పుస్తకంగా తెస్తున్న రోజులవి. కూర్చే పని నాది. లోపలి పేజీలో నా పేరు రాబోతోంది. ఆయన దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. ఎవరు పాడినా అన్నీ రంగని పాటలే కదా అన్నారు. అన్నీ రంగనివే అయితే ఈరమ్మ పేరు ఉంటే ఏం పోయేది? అడగలేదు. పేజీ తీసెయ్యమని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

గద్వాల, నాగర్‌కర్నూల్ గ్రంథాలయాలకు కూడా ఇచ్చినట్టు పుస్తకం వెనక అట్ట మీద ఉంది. మూడు చోట్లా బ్లేడుతో ఆ పేజీ కోశాను. దేవుని పేరున్న కాగితం కాల్చకూడదు, నలుగురూ తొక్కేచోట పడెయ్యకూడదు. అందుకని బీచుపల్లి దగ్గర కృష్ణలో స్నానం చేసి, మూడు కాగితాలూ నీళ్లలో వదిలి దండం పెట్టాను. రంగని పేరుకు అపచారం జరగకూడదని అంత జాగ్రత్త పడ్డవాణ్ణి, అదే కాగితం మీదున్న ఇంకో పేరును ఏం చేస్తున్నానో తెలియనివాణ్ణా? తెలుసు. బాగా తెలుసు. గురువు పరువు కోసమా, నా పేరున్న పుస్తకం కోసమా? లేక నన్ను బతికించిన పాట ఒక మగ్గం గుంతలో పుట్టిందంటే నాకు చిన్నతనమైందా?

మరుసటి ఏడు గద్వాలలో భజన అయ్యాక నరసమ్మ అనే ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. ఈరమ్మ కూతురు.

"సారూ, మీరు లైబ్రరీలన్ని తిరిగిండ్రంట గదా. మా అమ్మ పాటల బుక్కు యాడన్న కండ్ల వడ్డదా? మా ఇంట్ల ఉన్నది చెదలు తిన్నయి."

"లేదక్కా. యాడ కనబడలే."

"గా రంగని పాట మా అమ్మదే. సివరికి రాంగనే మీ తాళాలు ఎన్కకు వడ్తయి, సూసుకున్నరా?"

నేను తాళాలు సంచిలో సర్దుకోసాగాను.

"మా అమ్మ పేరు మూడచ్చరాలు. గా జాగల మీ సామి పేరంత కుక్కిండ్రు. జానెడంచుల మూరెడు బుటా నేసినట్టుంది," అని నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో. "నాకు సదువు రాదు సారూ. మా మనుమరాలు నమ్ముతలేదు, జేజి ఉత్తగ చెప్తున్నవంటది. అచ్చుల దానికి సూపియ్యాలె. దొరికితే జర చెప్పుండ్రి."

చెబుతానన్నాను. ఆమె నాకు దండం పెట్టింది.

ఆమె చెప్పింది నిజం. అన్నేళ్లూ ఆ చరణం దగ్గర తాళం వెనకబడి, అందుకోవడానికి మేమంతా పరిగెత్తేవాళ్లం. నలభై మందిమి. ఒక్కరమూ ఎందుకని అడగలేదు. ఇప్పటికీ అలాగే పరిగెత్తుతున్నాం.

గురువుగారు పోయారు. ఆయన పుస్తకం మూడోసారి అచ్చయింది. గ్రంథాలయాలన్నీ తిరిగినందుకు నాకు శాలువా కప్పారు, కప్పించుకున్నాను. నరసమ్మ గడప మాత్రం తొక్కలేదు. ఆమె ఉందో లేదో కూడా కనుక్కోలేదు. గద్వాల బస్సు రోజూ మా వీధి చివర ఆగుతుంది.

క్షమాపణ మీరిచ్చేది కాదు, నేను అడగడమూ లేదు. పాట ఈరమ్మది. అచ్చులో నా కళ్లతో చదివాను, మూడు చోట్లా నా చేత్తో కోశాను, కూతురు అడిగితే లేదన్నాను. ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడింది. అంతకంటే ఏమీ జరగలేదు.